పాకే పిల్లలున్న ఇంట్లో కంప్యూటర్: ఎక్కడ పెట్టాలి, ఎలా తుడవాలి, ఏదైనా ఒలికితే ఏం చేయాలి

పిల్లలు పాకడం మొదలుపెట్టగానే వాళ్ల కంట పడేది టేబుల్ కింద నీలంగా మెరిసే సీపీయూ బటన్. పెద్దవాళ్లకి అది కాళ్ల దగ్గర ఎక్కడో ఉంటుంది, పది నెలల పిల్లకి మాత్రం సరిగ్గా ముఖానికి ఎదురుగా ఉంటుంది. నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరిపోతుంది, ఆ వెంటనే వెనక నుంచి నాన్న కేక వినిపిస్తుంది. ఇంతకన్నా మంచి ఆటబొమ్మ ఎక్కడ దొరుకుతుంది?

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్ల కోసం ఇది రాస్తున్నాను. మొదటే ఒక మాట. పిల్లలు చేసే నష్టం కన్నా, ఆ కంగారులో పెద్దవాళ్లు చేసేదే ఎక్కువ. పాలు పడ్డ ల్యాప్‌టాప్‌ని "పనిచేస్తోందో లేదో" అని ఆన్ చేసి చూస్తారు. స్క్రీన్ మీద అద్దాలు తుడిచే స్ప్రే కొడతారు. వాక్యూమ్ క్లీనర్ గొట్టం తెచ్చి సీపీయూ లోపలి ప్రధాన సర్క్యూట్ పలక, అంటే మదర్‌బోర్డు మీద పెడతారు. కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్నది తెలిసి చేయాలి. ముందు కరెంటు, తర్వాత నోట్లో పట్టే వస్తువులు, ఆ తర్వాత వైర్లు, అప్పుడు దుమ్ము. శుభ్రం చేయడం ఇంత చివర్న పెట్టారేంటి అనుకోవచ్చు. దుమ్ము కొన్నాళ్లు ఆగుతుంది, మిగిలినవి ఆగవు.

ముందు ఎర్తింగ్

కంప్యూటర్ ఆన్‌లో ఉండగా సీపీయూ ఇనప డబ్బా తగిలితే ఎప్పుడైనా చిన్నగా జిల్లుమందా? "అబ్బే, మామూలే, అన్ని కంప్యూటర్లకీ అలాగే ఉంటుంది" అని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది మామూలు కాదు. మీ ఇంట్లో ఆ ప్లగ్ పాయింటుకి ఎర్తింగ్ లేదని అర్థం.

సీపీయూలో కరెంటు వచ్చి చేరే పెట్టెని ఎస్‌ఎంపీఎస్ అంటారు. కరెంటులోని చికాకుల్ని వడకట్టడానికి అందులో చిన్న కెపాసిటర్లు ఉంటాయి. అవి కొద్దిపాటి కరెంటుని ఇనప డబ్బా మీదుగా ఎర్త్ వైరులోకి పంపిస్తాయి. ఎర్త్ వైరు లేకపోతే దానికి పోయే దారి ఉండదు, డబ్బా మీదే నిలుస్తుంది. చెప్పులేసుకున్న మనకి అది చిమచిమలాడి ఊరుకుంటుంది. కానీ ఎస్‌ఎంపీఎస్ లోపల ఏదైనా వైరు తెగి డబ్బాకి తగిలిన రోజున 230 వోల్టులూ ఆ డబ్బా మీదికే వస్తాయి. ఆ రోజున దాన్ని పట్టుకుని నిలబడేది తడి చేతుల పసిపిల్ల కావచ్చు.

ఎలక్ట్రీషియన్ని పిలిచి, ఆ బోర్డుకి ఎర్త్ వైరు నిజంగా వచ్చిందో లేదో మీటరు పెట్టి చూపించమనండి. మూడు పిన్నుల ప్లగ్గుకి రెండు పిన్నుల కన్వర్టరు తగిలించి ఉంటే తీసి అవతల పారేయండి. పనిలో పనిగా ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. కరెంటు మనిషి ఒంట్లోంచి నేలకి పోతోందంటే అది రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది. అప్పుడప్పుడు నొక్కి చూస్తుండాలి. నొక్కితే ఇంట్లో కరెంటు పోతుంది కాబట్టి ముందు కంప్యూటర్ షట్‌డౌన్ చేయండి.

ఇక ప్లగ్ పాయింటు రంధ్రాల్లోకి చూడండి. లోపల ప్లాస్టిక్ పలక అడ్డంగా కనిపిస్తే అది షట్టర్ ఉన్న సాకెట్. పిల్లలు అందులో పిన్నీసు దూర్చినా లోపలికి పోదు. పాత బోర్డుల్లో, చవక రకం ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో ఇది ఉండదు. సాకెట్లకి పెట్టే బుల్లి ప్లాస్టిక్ మూతలు కొనేకంటే బోర్డు మార్పించుకోవడమే నయం. రెండేళ్ల పిల్లాడు ఆ మూతని గోరుతో పీకి నోట్లో పెట్టుకోగలడు. ఎక్స్‌టెన్షన్ బాక్సుని నేల మీద వదిలేయకుండా టేబుల్ అడుగున పైకి స్క్రూలతో బిగించండి.

యూపీఎస్ సంగతి చాలామందికి తట్టదు. గోడ స్విచ్ ఆపినా యూపీఎస్ వెనక ఉన్న ప్లగ్ రంధ్రాల్లో కరెంటు ఉంటుంది, అది బ్యాటరీ నుంచి వస్తుంది. దాన్ని దాని బటన్‌తో విడిగా ఆపాలి. వెనక భాగం గోడ వైపు తిరిగి ఉండాలి. వేడెక్కే వస్తువు కాబట్టి బీరువాలో పెట్టి మూసేయకూడదు.

నోట్లో పట్టేవన్నీ ఏరండి

నేల మీద బోర్లా పడుకుని టేబుల్ కింద ఒకసారి చూడండి. పాకే పిల్లకి ఏం కనిపిస్తుందో అప్పుడు తెలుస్తుంది. వైర్‌లెస్ మౌస్‌కి వచ్చే గోరంత యూఎస్‌బీ రిసీవరు, మెమరీ కార్డు, సీపీయూ మూత స్క్రూలు, ఊడిపోయిన కీబోర్డు మీటలు. ఇప్పుడు కొత్తగా మ్యాగ్నెట్ ఛార్జింగ్ కేబుళ్లు వస్తున్నాయి. వాటి కొన ఒకటి విడిగా పోర్టులోనే ఉండిపోతుంది, పిల్లల వేళ్లకి తేలిగ్గా ఊడి వస్తుంది. పసిపిల్లలున్న ఇంట్లో అలాంటి కేబుల్ వాడకపోవడమే మంచిది.

అన్నిటికన్నా భయపడాల్సింది గుండ్రటి బటన్ సెల్‌కి. మదర్‌బోర్డు మీద ఉండేది చాలావరకు సీఆర్ 2032 రకం, చిన్న రిమోట్లలో, బరువు తూచే మిషన్లలో, లైట్లు వెలిగే బొమ్మల్లో కూడా ఇది ఉండొచ్చు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3 వోల్టులు. పిల్లలు మింగితే గొంతు కింద అన్నవాహికలో ఇరుక్కునే సైజు అది. ఇరుక్కున్న చోట తడి తగిలి కరెంటు పారడం మొదలవుతుంది, క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే కండ కాలిపోవచ్చు. కంప్యూటర్‌కి టైము నిలవడం లేదని మీరు తీసి పక్కన పెట్టిన "అయిపోయిన" సెల్‌లో కూడా అంత పని చేసే శక్తి మిగిలే ఉంటుంది.

మింగిందన్న అనుమానం వచ్చినా చాలు, వెంటనే 108కి ఫోన్ చేయండి, లేదా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. వాంతి చేయించకండి. అన్నం, అరటిపండు పెట్టి కిందికి తోయాలని చూడకండి. ఏడాది నిండిన పిల్లలైతే, మింగి పన్నెండు గంటలు దాటకపోతే, మింగగలిగే స్థితిలో ఉంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీ స్పూన్ల తేనె ఇవ్వొచ్చు. అలా ఆరుసార్లకి మించకూడదు. అది కాలడాన్ని కాస్త నెమ్మదింపజేస్తుంది. తేనె కోసం వెతుకుతూ బయల్దేరడం మాత్రం ఆలస్యం చేయకండి. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా అంతే అత్యవసరం. చుక్కల మందులు వేయకుండా తీసుకెళ్లాలి.

సెల్ మార్చినప్పుడు పాతదానికి రెండు వైపులా సెల్లో టేప్ అంటించి, మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వేసి అటక మీద పెట్టండి. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇచ్చేదాకా అది అక్కడే ఉండాలి.

వైర్లు, బల్ల, బటన్లు

టేబుల్ క్లాత్ ఉంటే తీసేయండి. తప్పటడుగుల పిల్లలు లేచి నిలబడటానికి చేతికందింది పట్టుకుంటారు. క్లాత్ అంచు లాగితే మానిటరుతో సహా మీద పడుతుంది. మానిటర్ని బల్ల అంచు నుంచి వీలైనంత వెనక్కి జరపండి. వెనక నాలుగు స్క్రూ రంధ్రాలు చదరంగా ఉంటే (వాటి మధ్య దూరం సాధారణంగా 75 లేదా 100 మిల్లీమీటర్లు) గోడకి బిగించే స్టాండు దొరుకుతుంది. అద్దె ఇల్లు, గోడకి మేకు కొట్టనివ్వరు అంటారా? అయితే స్టాండు మెడకి నైలాన్ పట్టీ చుట్టి బల్ల వెనక కాలికి కట్టండి.

వైరు ఏదీ బల్ల ముందు వైపు నుంచి వేలాడకూడదు. అన్నిటినీ వెనక్కి లాగి, వెల్‌క్రో పట్టీతో ఒక కట్టగా చేసి బల్ల కాలు వెంట దించండి. పిల్లలకి మెడకి చుట్టుకునేంత ఉచ్చు ఎక్కడా మిగలకుండా చూసుకోండి. ల్యాప్‌టాప్ ఛార్జరు వాడనప్పుడు గోడ దగ్గరే తీసేయాలి. దాని కొనలో 19 వోల్టుల దాకా ఉంటుంది, పసిపిల్లలు ఆ కొనని నేరుగా నోట్లోనే పెట్టుకుంటారు.

సీపీయూ నేల మీద ఉంటే పిల్లలతో పాటు తడిగుడ్డ నీళ్లూ తగులుతాయి, దుమ్మూ ఎక్కువ పీలుస్తుంది. బల్ల మీదికి ఎక్కించండి. కుదరకపోతే అడుగు ఎత్తు పీట వేయండి. గోడకీ దానికీ మధ్య జానెడు ఖాళీ ఉంచండి. పిల్లలకి అందకూడదని చెక్క అరలో పెట్టి తలుపు మూసేవాళ్లున్నారు. ఆ వేడికి కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంటుంది, పిల్లలు వేరే ఆపక్కర్లేదు.

పవర్ బటన్ గొడవకి ఖర్చు లేని మందు ఉంది. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే చోట "డూ నథింగ్" పెట్టండి. ఇక నొక్కినా ఆగదు. నాలుగైదు సెకన్లు అలాగే పట్టుకుంటే మాత్రం ఆగిపోతుంది, దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు. పక్కన రీసెట్ బటన్ కూడా ఉంటే అది ఇంకా ప్రమాదం, ఒక్క నొక్కుతో అంతా పోతుంది. తర్వాత సీపీయూ తెరిచినప్పుడు మదర్‌బోర్డు మీద రీసెట్ అని రాసున్న రెండు పిన్నుల చిన్న వైరుని పీకి, కొనకి టేప్ చుట్టేయండి. ఆ బటన్ తర్వాత ఎంత నొక్కుకున్నా ఫర్వాలేదు, పిల్లలకి ఆటా మిగులుతుంది.

బయట పెట్టే హార్డ్‌డిస్కుల్లో లోపల పళ్లెం తిరిగే రకం ఉంటే, కంప్యూటర్‌కి తగిలించి ఉండగా కింద పడిందంటే ఫొటోలన్నీ పోయినట్టే. దాన్ని నిలబెట్టకండి, పడుకోబెట్టి వెనక్కి తోయండి. పిల్ల పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలు ఆ ఒక్క డిస్కులోనే ఉంటే ఈ రాత్రే ఇంకో చోటికి కాపీ చేసుకోండి.

ల్యాప్‌టాప్ మూసే ముందు కీబోర్డు మీద ఒకసారి అరచేత్తో తడమండి. క్రేయాన్ ముక్కో, బొమ్మ కారు చక్రమో ఉండగా మూత నొక్కితే స్క్రీన్ పగులుతుంది.

వారానికోసారి తుడవడం

కావాల్సినవి: రెండు మైక్రోఫైబర్ గుడ్డలు, అంగుళం వెడల్పు కొత్త పెయింట్ బ్రష్, చెక్క టూత్‌పిక్‌లు, డిస్టిల్డ్ వాటర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. డిస్టిల్డ్ వాటర్ అంటే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసేదే, బ్యాటరీ కొట్లో దొరుకుతుంది. సీలు ఉన్న సీసా తీసుకోండి, పొరపాటున యాసిడ్ తెచ్చుకోకండి. బోరు నీళ్లతో తుడిస్తే ఆరాక స్క్రీన్ మీద తెల్లటి మచ్చలు మిగులుతాయి, అందుకే ఇంత శ్రమ.

ఆల్కహాల్‌లో రెండు రకాలు కనిపిస్తాయి. 70 శాతం ఉన్నది క్రిములకి మంచిది. అందులోని నీరే ఆల్కహాల్ క్రిమి లోపలికి దిగడానికి సాయపడుతుంది. 99 శాతం ఉన్నది సర్క్యూట్లకి మంచిది, నీరు దాదాపు ఉండదు, వెంటనే ఆవిరైపోతుంది. పిల్లలు నోట్లో పెట్టే మౌస్‌కి 70, లోపలి బోర్డుకి 99. చేతులకి రాసుకునే శానిటైజరు ఇక్కడ పనికిరాదు. అందులో గ్లిజరిన్, సెంటు ఉంటాయి, జిగురు మిగులుతుంది. మెడికల్ షాపులో స్పిరిట్ అని ఇచ్చేవాటిలో రంగు, నూనె కలిపినవి ఉంటాయి. సీసా మీద ఐసోప్రొపైల్ అని చదివి తీసుకోండి. మంటకి దూరంగా, అగరుబత్తి వెలుగుతున్న గదిలో కాకుండా వాడండి. పిల్లలు తాగితే విషం కాబట్టి పని అయిన వెంటనే పైఅరలోకి వెళ్లిపోవాలి.

మొదలుపెట్టే ముందు కంప్యూటర్ షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసేయండి.

స్క్రీన్‌తో ప్రారంభించండి. నల్లగా ఆరి ఉన్నప్పుడే వేలిముద్రలు బాగా కనిపిస్తాయి. ముందు పొడి గుడ్డతో దుమ్ము దులపాలి. దుమ్ముండగా తడి పెట్టి రుద్దితే గీతలు పడతాయి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌ని గుడ్డ మీద చల్లుకోండి, స్క్రీన్ మీద ఎప్పుడూ కొట్టకండి. స్క్రీన్ మీద కొట్టిన నీరు జారి కింది అంచులోకి దిగుతుంది, తెరని నడిపే సర్క్యూట్లు చాలావాటిలో అక్కడే ఉంటాయి. పైనుంచి కిందికి మెల్లగా తుడవండి, నొక్కొద్దు. ఎండిపోయిన పెరుగన్నం మెతుకు అంటుకుని ఉందా? తడిగుడ్డని దాని మీద ఒక నిమిషం అలా ఆనించి ఉంచితే నానిపోయి వస్తుంది. గోరుతో గీకొద్దు. కిటికీ అద్దాలకి వాడే నీలం స్ప్రేలలో అమ్మోనియా ఉండొచ్చు, తెర మీది పూత పోతుంది.

కీబోర్డుని తలకిందులు చేసి, కింద పాత పేపరు పరిచి, వెనక అరచేత్తో తట్టండి. రాలేవాటిలో జంతిక ముక్కలు, మరమరాలు, చీమలు కచ్చితంగా ఉంటాయి. చీమలు తిండి కోసమే వస్తాయి కాబట్టి వాటికి మందు కొట్టడం వృథా, తిండి తీసేస్తే అవే పోతాయి. తర్వాత మీటల సందుల్లో పెయింట్ బ్రష్‌తో ఊడ్చి, గుడ్డకి కాస్త ఆల్కహాల్ అద్ది మీటల పైభాగం తుడవండి. మౌస్ కూడా అంతే. దాని అడుగున అంటుకునే నల్లటి జిడ్డుని టూత్‌పిక్‌తో గీకాలి. అంతా పూర్తిగా ఆరాకే, వాసన పోయాకే పిల్లల చేతికి అందనివ్వండి.

బాగా జిడ్డు పట్టిన డెస్క్‌టాప్ కీబోర్డు అయితే మీటలు ఊడదీసి కడగొచ్చు. ముందు ఫోన్లో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. స్పేస్‌బార్, ఎంటర్ కింద సన్నటి తీగ ఉంటుంది, అవి జోలికి పోకుండా వదిలేయడమే సుఖం. మీటల్ని గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, రాత్రంతా ఆరబెట్టాలి. పిల్లలు నిద్రపోయాకే ఈ పని పెట్టుకోండి, పొద్దున లేచేసరికి లెక్క సరిపోవాలి. ల్యాప్‌టాప్ మీటల్ని మాత్రం పీకకండి. వాటి కింద ఉండే కత్తెర లాంటి ప్లాస్టిక్ ముక్కలు విరిగితే మొత్తం కీబోర్డు మార్చాల్సిందే.

లోపలి దుమ్ము

మూడు నాలుగు నెలలకోసారి చాలు. పసిపిల్లలున్న ఇంటి దుమ్ము వేరు. స్నానం తర్వాత వేసే పౌడరు, సాంబ్రాణి పొగ, వంటింటి తాలింపు జిడ్డు కలిసి ఫ్యాన్ రెక్కల మీద పిండి ముద్దలా గట్టిపడతాయి. బిడ్డకి పౌడరు అద్దే చోటు కంప్యూటర్ ఉన్న గది కాకుండా చూసుకుంటే సగం పని తగ్గుతుంది.

ప్లగ్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కితే లోపల మిగిలిన ఛార్జి దిగిపోతుంది. సీపీయూని వరండాలోకో మేడ మీదికో తీసుకెళ్లండి, పిల్లల్ని లోపలే ఉంచండి. మీ ముక్కుకి గుడ్డ కట్టుకోండి. మూత విప్పి, ఇనప డబ్బాని ఒకసారి చేత్తో ముట్టుకుని, ఒంట్లోని స్టాటిక్ (రాపిడికి ఒంటి మీద చేరే స్థిర విద్యుత్తు) పోయాక మిగతావి తాకండి. పెయింట్ బ్రష్‌తో దుమ్ము వదులు చేసి, చేతి బ్లోయర్‌తో ఊదండి. కంప్యూటర్ షాపుల్లో వాడే కరెంటు బ్లోయర్ ఉంటే అడుగు దూరం నుంచి పట్టండి. ఏది వాడినా ఫ్యాన్ రెక్కని వేలితో కదలకుండా పట్టుకునే ఊదాలి. గాలికి ఫ్యాన్ గిర్రున తిరిగితే బేరింగులు అరిగిపోతాయి, పైగా అది చిన్న డైనమోలా మారి బోర్డులోకి కరెంటు తోస్తుంది. వాక్యూమ్ క్లీనర్ ప్లాస్టిక్ మూతి స్టాటిక్ పుట్టిస్తుంది, లోపలి భాగాలకి వాడకండి.

ఎస్‌ఎంపీఎస్ పెట్టె మాత్రం ఎన్నడూ విప్పకండి. ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి ఉండొచ్చు. బయట నుంచి ఊదితే చాలు. మూత బిగించే ముందు లోపల చిల్లర నాణేలు, పిన్నీసులు ఏవైనా పడ్డాయేమో టార్చి వేసి చూడండి. పైన గాలి రంధ్రాలున్న సీపీయూ పిల్లల దృష్టిలో హుండీ. దానికి అయస్కాంతంతో అతుక్కునే జాలీ దొరుకుతుంది, వేయండి. ఆ రంధ్రాల మీద స్టిక్కర్లు అంటించి ఉంటే పీకేయండి.

రాగిజావ ఒలికింది, ఇప్పుడేంటి?

మంచినీళ్లకన్నా పాలు, జావ, జ్యూసు ప్రమాదం. నీరు ఆరిపోతుంది. పంచదార, ఉప్పు, కొవ్వు బోర్డు మీదే ఉండి, గాలిలో చెమ్మ తగిలినప్పుడల్లా రాగి గీతల్ని తినేస్తుంటాయి. వారం రోజులు బాగా పనిచేసి తర్వాత చచ్చిపోయే ల్యాప్‌టాప్‌ల కథ చాలావరకు ఇదే.

1. మొదట పిల్లని చేత్తో ఎత్తుకుని దూరంగా దింపండి. తడి, కరెంటు, పిల్ల ఒక్క చోట ఉండకూడదు.

2. గోడ స్విచ్ ఆపి, ఛార్జర్ తీసేయండి. ల్యాప్‌టాప్ పవర్ బటన్ని ఆగేదాకా అలాగే నొక్కి పట్టండి, కొన్నిటికి పది సెకన్లు పడుతుంది. ఫైలు సేవ్ చేసుకుందామని ఆగకండి.

3. మౌస్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేయండి. బ్యాటరీ బయటికి ఊడే రకమైతే ఊడదీయండి.

4. మూత పూర్తిగా తెరిచి, తలకిందులు చేసి, గుడారంలా బల్ల అంచున నిలబెట్టండి. కింద తువ్వాలు వేయండి. అటూ ఇటూ ఊపకండి, పడని చోటికి కూడా పాకుతుంది.

5. పైపైన పొడిగుడ్డతో అద్దండి. హెయిర్ డ్రయ్యరు వేడి వద్దు. ఫ్యాను గాలి చాలు.

6. ఒలికింది ఉత్త నీళ్లే, అదీ కొద్దిగా అయితే రెండు రోజులు ఆరనిచ్చి ఆన్ చేయొచ్చు. పాలు, జావ, కాఫీ అయితే ఆన్ చేయకుండానే రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి, బోర్డు విప్పి ఆల్కహాల్‌తో కడగమని చెప్పండి. ఏం ఒలికిందో, ఎప్పుడు ఒలికిందో దాచకుండా చెబితే పని తేలికవుతుంది.

బియ్యం డబ్బాలో పెట్టడం అందరూ చెప్పేదే, దాని వల్ల ఉపయోగం లేదు. లోపలి తడిని బియ్యం లాగదు, సన్నటి పిండి మాత్రం పోర్టుల్లోకి చేరుతుంది.

డెస్క్‌టాప్ కీబోర్డు మీద ఒలికితే ఇంత హడావుడి అక్కర్లేదు. వైరు పీకి, తలకిందులు చేసి ఆరబెట్టండి. బాగవకపోతే కొత్తది కొనడం చవక.

స్టిక్కర్లు, క్రేయాన్లు, పోర్టులో బియ్యపు గింజ

ప్లాస్టిక్ మీది స్టిక్కర్ జిగురుకి కొబ్బరినూనె రాసి పది నిమిషాలు వదిలితే మెత్తబడుతుంది. తర్వాత సబ్బునీళ్లు పిండిన గుడ్డతో తుడిచేయండి. స్క్రీన్‌కి, గాలి రంధ్రాల దగ్గర నూనె వాడకండి. సీపీయూ మీది క్రేయాన్ గీతలకి గిన్నెల లిక్విడ్ చాలు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లోని అసిటోన్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది. టూత్‌పేస్ట్ గీతలు పెడుతుంది.

యూఎస్‌బీ పోర్టులో ఏదైనా ఇరుక్కుంటే మిషన్ పూర్తిగా ఆపి, టార్చి వెలుగులో చెక్క టూత్‌పిక్‌తో తీయండి. సూది, పిన్నీసు పెట్టకండి. డీవీడీ డ్రైవులో కార్డులు దూర్చి ఉంటే, ట్రే ముందు భాగంలో సన్నటి రంధ్రం ఉంటుంది. కంప్యూటర్ ఆపి, నిటారుగా సాగదీసిన పేపర్ క్లిప్‌ని అందులోకి నెడితే ట్రే బయటికి వస్తుంది. ఇక డ్రైవు ఎలాగూ వాడటం లేదు కదా, ముందు ఒక టేప్ అంటించేయండి.

"కీబోర్డు పాడైపోయింది" అనుకునే ముందు

బుడతడు రెండు చేతులతో కీబోర్డు మీద తాళం వేసి వెళ్లాక ఏదో ఒకటి మారిపోయి ఉంటుంది. రిపేరు షాపుకి పరుగెత్తే ముందు ఇవి చూడండి.

మీట ఎంతసేపు నొక్కితే గానీ అక్షరం పడటం లేదా? కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే ఫిల్టర్ కీస్ ఆన్ అవుతుంది. మళ్లీ అలాగే నొక్కితే ఆగుతుంది. షిఫ్ట్, కంట్రోల్ లాంటి మీటలు వదిలేసినా నొక్కి ఉన్నట్టే పనిచేస్తున్నాయా? షిఫ్ట్ వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ ఆన్ అవుతుంది, మళ్లీ అలాగే నొక్కితే ఆగుతుంది. తెర అంతా భూతద్దంలోంచి చూసినట్టుందా? విండోస్ మీట, ఎస్కేప్ కలిపి నొక్కండి. ఇంగ్లీషు కొడుతుంటే తెలుగు వస్తోందా? విండోస్ మీట, స్పేస్‌బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. బొమ్మ పక్కకి తిరిగిపోతే డిస్‌ప్లే సెట్టింగుల్లో ఓరియెంటేషన్‌ని ల్యాండ్‌స్కేప్‌కి మార్చండి. కొన్ని పాత ల్యాప్‌టాప్‌లలో అక్షరాలకి బదులు అంకెలు పడుతుంటే అది నమ్‌లాక్ పని. ఫిల్టర్ కీస్, స్టికీ కీస్ ఇలా మీటలతో ఆన్ అవ్వకుండా సెట్టింగ్స్‌లోని యాక్సెసిబిలిటీలో, కీబోర్డు అన్న చోట ఒకేసారి ఆపేయొచ్చు.

లేచి వెళ్లిన ప్రతిసారీ విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కే అలవాటు చేసుకోండి. తాళం పడ్డ తెర మీద ఎంత తాండవం చేసినా మీ ఆఫీసు మెయిల్‌లోకి ఏదీ పోదు.

ఇక పిల్లలకి మీ కీబోర్డే కావాలి, బజారులో కొన్న బొమ్మ కీబోర్డు వద్దు. మూలన పడున్న పాడైన కీబోర్డు ఒకటి తీసి, సబ్బునీళ్ల గుడ్డతో శుభ్రంగా తుడిచి, వైరుని మొదట్లోకి కత్తిరించి, ప్రతి మీటనీ గట్టిగా లాగి చూసి ఇవ్వండి. ఒక్క మీట ఊడినా అది మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వొద్దు. వైర్‌లెస్ రకమైతే సెల్స్ తీసేసి, వాటి మూత టేప్‌తో మూసేయండి.